దిద్దుబాటు

హమమత్సులో రాత్రి రెండూ నలభైకి
బ్రేకుల ఫ్యాక్టరీ పది నిమిషాలు ఊపిరి పీల్చుకుంటుంది.
కాఫీ డబ్బాలమ్మే యంత్రం వెలుగులో
గ్లవుజులు మోకాళ్ల కింద నొక్కిపెట్టి
జుసారా మియహీరా ఫోను తెరుస్తుంది.

తెల్లటి పేజీ. నడుమ ఒక్క నల్లటి అక్షరం.
కింద ఖాళీ గడి.
గంతులేసే బొమ్మల్లేవు,
చేసినవాళ్లెవరో పేరు కూడా పెట్టుకోలేదు.
పలికే తీరు గడిలో కొడితే
ఒప్పుకి ఆకుపచ్చ, తప్పుకి ఎరుపు, అంతే.
తిట్టదు. మెచ్చుకోదు.
ఇంకోటి చూపిస్తుంది.

ముప్పై ఎనిమిదో ఏట అక్షరాభ్యాసం.
పలక లేదు, పళ్లెంలో బియ్యం లేదు,
వేలు పట్టుకుని దిద్దించే చెయ్యి లేదు.
ఆ మాట మన దగ్గర ఎంత గడుసుదో చూడండి:
గీసిన గీత మీదే మళ్లీ గీయడమూ దిద్దడమే,
తప్పు సరిచేయడమూ దిద్దడమే.
ఈ పేజీకి రెండోదే వచ్చు.
మొదటిది తనే చేసుకుంటుంది
బొటనవేలితో, నూనె మరకల ప్యాంటు మీద.

"షి", "త్సు" ఏడిపిస్తాయి.
రెండు చుక్కలూ ఓ వంపూ, అవే, అటూ ఇటూ.
కవలల్లో పెద్దదెవరో చెప్పమన్నట్టు.
"నో" మరీ అన్యాయం. ఒంటి గీత, ఏటవాలుగా.
మే నెలలో ఫోను కాంక్రీటు మీద పడ్డప్పుడు
అద్దం సరిగ్గా దానికి అడ్డంగా చీలింది,
అప్పట్నుంచి ప్రతి "నో" ఆమెకు "మె".
ఎరుపు. ఎరుపు. మళ్లీ ఎరుపు.
తప్పు తనది కాదని తెలియడానికి వారం పట్టింది.
ఇప్పుడు పేజీని వేలితో కాస్త పైకి తోసి చూస్తుంది.

లాకరు మీద ఏడక్షరాలు, ఓ పిల్లక్షరం: ఆమె పేరు.
తాత ఇంటిపేరుని ఓకినావాలో
గీతలు కిక్కిరిసిన రెండు బరువైన గుర్తులతో రాసేవాళ్లట.
సాంతోస్ రేవులో ఓడ దిగితే
గుమాస్తా చెవికి ఎలా తోస్తే అలా రాసుకున్నాడు.
మనవరాలు విమానం దిగింది,
ఇక్కడి గుమాస్తా కూడా చెవినే నమ్మాడు.
విదేశీ మాటలకని కేటాయించిన కోసు అక్షరాల్లో
తాత పేరు తాత దేశానికే చుట్టపుచూపుగా వచ్చింది.
"మి. యా. హి. రా. జి. యు..."
చిన్న "యు" పాఠం ఇంకా రాలేదు.
అందాకా తనకు తను జియుసారా.

మొన్న గురువారం కురెబయాషి గారు
(మార్చిలో రిటైరవుతాడు, ఎవరితోనూ మాట్లాడడు)
సంచిలోంచి రొట్టె తీసి, తుంచి, సగం చేతిలో పెట్టాడు.
కవరు మీద రెండే అక్షరాలు.
"పా" తెలుసు, నెత్తిన సున్నా మోసుకు తిరిగేది.
రెండోది ఓ చుక్క, ఓ వంపు.
"పాసో," అంది పైకే.
అంటే ఆమె పోర్చుగీసులో అడుగు. కాలితో వేసేది.
ముసలాయన తల అడ్డంగా ఊపి
గాల్లో వేలితో వంపు గీశాడు,
పైనుంచి కాదు, కిందినుంచి పైకి. రెండుసార్లు.
"పాన్."

పాన్?
పాఁవ్!
నవ్వొచ్చి ముక్క గొంతులో అడ్డం పడింది.
వాళ్లమ్మ లొండ్రీనాలో తెల్లారి ఐదింటికి
కాగితం సంచిలో వేడివేడిగా తెచ్చేది,
మనం బొంబాయిలో పావ్ అని కూరలో ముంచుకునేది,
ఎన్నడో ఏ ఓడలోనో వచ్చి దిగిపోయి
వందల ఏళ్లుగా ఇక్కడి దుకాణాల్లో
ఎవరూ వెళ్లగొట్టకుండా ఉండిపోయింది
అవే కోసు అక్షరాల్లో.
ఆయనకి ఇదంతా చెప్పడానికి ఆమెకు మాటలు లేవు.
"పాన్," అంది మళ్లీ.
"పాన్," అన్నాడాయన, విసుగ్గానో ఏమో.

బజరు మోగింది.
పరీక్ష సగంలో ఆగింది, ముప్పై ఒకటి ఒప్పు, ఆరు తప్పు.
బెల్టు మీద బ్రేకు డిస్కు వచ్చింది, పల్చటి నూనె మెరుస్తూ.
గ్లవుజు బొటనవేలితో ఓ వంపు గీసింది,
కిందినుంచి పైకి.
పక్క గదిలో కడిగేస్తారు, తెలుసు.
ఇంకోటి వచ్చింది.